తలుపు మూసుకుపోయింది

ఆ బుధవారం ఉదయం నేను పాత సంచికల గదిలో నేలమీద కూర్చుని, ఒళ్ళో చెక్కపెట్టె పెట్టుకుని చీటీలు తిరగేస్తున్నాను. మా ఎడిటర్ గ్రిసెల్దా మేడమ్ అప్పగించిన పని అది. ‘లా బోయా’ పత్రిక పుట్టి డెబ్భై ఏళ్ళవుతోంది కాబట్టి, మా పచ్చట్ట పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేయించాలని ఆవిడ పట్టుదల. పచ్చట్ట పుస్తకమంటే హుంకాల్ రేవులో మా దిద్దుబాటు డెస్కుకి బైబిలు. కామా ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, మేయరుగారి పేరు ముందు ఎన్ని బిరుదులు తగిలించాలి (ఒక్కటి కూడా వద్దు), పోయినవాళ్ళని ‘స్వర్గస్థులయ్యారు’ అనవచ్చా (అనకూడదు, స్వర్గం సంగతి మన విలేకరి చూసి రాలేదు). ఇలాంటివి నూట ఇరవై నియమాలు. అన్నీ ఒక్కరే రాశారు. ఆయన ఇల్దెబ్రాందో మాస్టారు.

పంతొమ్మిదేళ్ళప్పుడు నన్ను ఈ డెస్కులో కూర్చోబెట్టింది ఆయనే. ఎర్రపెన్సిల్ ఎలా చెక్కాలో దగ్గర్నుంచి నేర్పించారు. “కామా పెట్టడం చేతకానివాడు పెళ్ళి చేసుకోకూడదు అమ్మాయ్, ఎక్కడ ఆగాలో వాడికి తెలియదు” అనేవారు. నేను పెళ్ళి చేసుకోలేదు. కామాలు మాత్రం బాగా పెడతాను. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటి నెలంతా ఆ పుస్తకమే పాఠం చెప్పాను.

కొత్త ముద్రణలో ప్రతి ఉదాహరణ కిందా అది ఏనాటి సంచికలోదో వేయాలన్నారు మేడమ్. పెద్ద కష్టమేం కాదు. మాస్టారు ప్రతి ఉదాహరణకీ ఒక చీటీ రాసి, తేదీ, పేజీ వేసి ఆ చెక్కపెట్టెలో దాచారు. నేను వరసగా తీసి రాసుకుంటూ పోతున్నాను. నలభై ఒకటో నియమం వచ్చింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను దాన్ని: ‘ప్రమాద వార్తలో క్రియకు మనిషిని కర్తగా పెట్టవద్దు. జరిగినది మాత్రమే చెప్పాలి. ఉదాహరణ: తలుపు మూసుకుపోయింది.’

చీటీమీద ఇలా ఉంది: 14 మార్చి 1979, మొదటి పేజీ, మూడో గాలీ.

తేదీ తప్పు పడిందనుకున్నాను ముందు. మాస్టారు తేదీలు తప్పు వేయరని ఆ వెంటనే గుర్తొచ్చింది.

1979 మార్చి 13న మా అమ్మ చనిపోయింది. సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాలులో పనిచేసేది. ఐసు గదిలో అమ్మోనియా గొట్టం పగిలింది, తలుపు మూసుకుపోయింది, పదకొండు మంది స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ వార్త ముక్క కత్తిరించి ఇంట్లో రేకు డబ్బాలో దాచుకున్నాం. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కానీ ఎప్పుడు చదివినా కూతురిగానే చదివాను, దిద్దేదానిగా ఎన్నడూ చదవలేదు. పచ్చట్ట పుస్తకంలో ఉన్న ఆ రెండు మాటలు ఏ ఇంటి తలుపు గురించైనా కావచ్చుననుకున్నాను. తలుపులు లోకంలో ఎన్ని లేవు! చిన్నప్పుడు సముద్రపు గాలి ఆ తలుపును ఎలా తోసి ఉంటుందో ఊహించుకునేదాన్ని. ఇంట్లో ఏ తలుపూ పడనిచ్చేదాన్ని కాదు, అన్నిటికీ ఇటుకలు అడ్డం పెట్టేదాన్ని. పగ పెంచుకోవడానికి ఎవరూ లేక గాలిమీద పెంచుకున్నాను.

లేచి, బీరువా కింది అరలోంచి ఆ సంవత్సరపు గాలీల కట్ట లాగాను. గాలీ అంటే అచ్చుకు ముందు దిద్దడానికి తీసే పొడుగాటి కాగితం. పురికొస విప్పుతుంటే తెగి చేతికొచ్చింది. మార్చి పద్నాలుగు మూడో గాలీ పసుపుపచ్చగా, అంచులు పొడిపొడిగా ఉంది. అందులో విలేకరి అబెలార్దో రాసింది ఇదీ:

‘పదకొండున్నరకు షిఫ్టు మేస్త్రీ సెవెరో లుహాన్ ప్యాకింగ్ హాలు తలుపుకు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాడు.’

ఆ వాక్యం మీద ఎర్ర గీత. ఒక్కటే గీత, రూలుకర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉంది. అంచున ఎర్రగానే ‘ఎవరు చెప్పారు?’ అని రాసి గుండ్రంగా చుట్టి ఉంది. కిందెక్కడా జవాబు లేదు. గీత మీద, వరసల మధ్య సన్నగా: తలుపు మూసుకుపోయింది.

మా స్పానిష్ భాషలో అది చాలా సులువు. క్రియ ముందు ‘సె’ అని చిన్న ముక్క తగిలిస్తే చాలు, చేసినవాడు మాయమైపోతాడు. గ్లాసు దానంతటదే పగులుతుంది, డబ్బు దానంతటదే పోతుంది, తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఆ ‘సె’ గొప్పదనం మీద నేను కొత్తవాళ్ళకి అరగంట పాఠం చెప్పేదాన్ని. “చూశారా, ఎంత శుభ్రంగా ఉందో వాక్యం!” అనేదాన్ని.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆటల పేజీ చూసే నెప్తాలీ పాత ఫొటో ఏదో కావాలని వచ్చాడు.

“ఏంటి ఎదెల్మీరా, నేలమీద కూలబడ్డావ్? కామా ఏమైనా మింగావా?” అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. “ఏమైంది?”

“ఇది ఎవరి చేతిరాత?”

వంగి చూశాడు. “ఎవరిదేంటి, మీ మాస్టారిదే. ఆ తోకల అక్షరాలు ఈ రేవులో ఇంకెవరు రాస్తారు? ఏం, ఏం తప్పు దొరికింది?”

గాలీని ఫైల్లో పెట్టుకుని బయటికి నడిచాను. నా సంచీ డెస్కు మీదే వదిలేశానని షేరు కారెక్కి డబ్బులు ఇవ్వబోయేటప్పుడు గాని తెలియలేదు. డ్రైవరు నా వైపు చూసి, “పర్లేదులే మేడమ్, మళ్ళీ ఇద్దురుగాని” అన్నాడు.

*

మాస్టారిది గుట్ట మీద ఇల్లు. ఆయన అరుగు మీద జెరేనియం కుండీలకి చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, ఇంకా తెల్లచొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుంటారు.

“ఈ వేళప్పుడు వచ్చావేంటమ్మాయ్? పత్రిక మూసేశారా?” అని నవ్వారు. “రా, నిమ్మగడ్డి టీ కాస్తాను.”

నేను ఫైలు తెరిచి గాలీని ఆయన ముందు పట్టుకున్నాను. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. తీసి పెట్టుకోలేదు. ఆ దూరం నుంచి ఆ ఎర్రగీతను చూస్తే చాలినట్టుంది.

“దొరికిందా” అన్నారు.

అప్పటిదాకా మనసులో ఏదో మూల, ఆయన ‘ఇదేంటి, నేను కాదే’ అంటారని ఉంది. అరుగు మెట్టు మీద కూర్చుండిపోయాను.

“ఫోన్ చేసిందెవరు మాస్టారూ? ఫ్యాక్టరీ యజమానా? సైన్యంవాళ్ళా? అప్పుడు వాళ్ళ ప్రభుత్వమేగా.”

“ఎవరూ చెయ్యలేదమ్మా.”

“నాకు అబద్ధాలు చెప్పకండి.”

“ఎవరైనా చేసుంటే బాగుండేది.” చెంబు కింద పెట్టి, తడిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. “అబెలార్దో వార్త ఇచ్చేసి ఆస్పత్రికి పరిగెత్తాడు. వాక్యం చూశాను. ఒక మనిషి పేరు పెట్టి, పదకొండు చావులు వాడి నెత్తిన వేస్తున్నాం. చెప్పిందెవరో లేదు. పోలీసా, పనివాళ్ళా, దారినపోయేవాడా? ప్రశ్న రాసి పక్కన పెట్టాను. రెండు గంటలు చూశాను. వాడు రాలేదు. కింద ప్రెస్సువాళ్ళు కేకలు. నువ్వయితే ఏం చేసేదానివి?”

జవాబు ఇద్దరికీ తెలుసు. నేనూ అదే ప్రశ్న రాసి, అదే చుట్టు చుట్టేదాన్ని.

“సరే. మరి మర్నాడు?” అన్నాను.

“మర్నాడు అబెలార్దో వచ్చాడు. కళ్ళతో చూసినవాళ్ళు ముగ్గురున్నారన్నాడు. పేర్లు కూడా ఇచ్చాడు. అందులో ఒకావిడ మీ పిన్ని.”

మా పిన్ని! అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. నేను ఇప్పటికీ ఒకే కప్పు కింద ఉంటున్న మనిషి.

“సవరణ వెయ్యమన్నాడు వాడు” అంటున్నారు మాస్టారు. “న్యాయంగా వెయ్యాలి. నేను వెయ్యలేదు.”

“ఎందుకని?”

“అప్పటికి నేను దిద్దటం మొదలెట్టి ఇరవై ఏళ్ళు. నా చేతిమీదుగా వెళ్ళిన వార్తకి ఒక్క సవరణా పడలేదు. రాజధాని లిమా పత్రికలవాళ్ళు కూడా చెప్పుకునేవాళ్ళు, హుంకాల్‌లో తప్పు వెయ్యని మనిషి ఒకడున్నాడని.”

“అంతేనా?” నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “అంతేనా మాస్టారూ?”

“అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని నలభై ఏళ్ళు వెతికానమ్మాయ్. భయపడ్డానేమో, ఎవరైనా బెదిరించారేమో, పిల్లలు చిన్నవాళ్ళేమో. ఏం లేదు. సిగ్గేసింది, అంతే. వారంలో జడ్జి మన పేపరు చూసి ప్రమాదమని తేల్చేశాడు. అబెలార్దో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఆ ఏడే పచ్చట్ట పుస్తకం రాశాను. నియమం ఉంటే తప్పు తప్పు కాదు కదా.”

మనిషిని చంపే మాట ఇంత చిన్నదిగా ఉంటుందని నేననుకోలేదు. యజమాని బెదిరించాడనో, తుపాకీ చూపించారనో చెప్పి ఉంటే ఆయన చేతులు పట్టుకుని ఏడ్చి ఉండేదాన్ని. సిగ్గట!

“నన్ను ఎందుకు తీసుకున్నారు ఉద్యోగంలోకి?”

ఆయన తల దించుకున్నారు.

“దరఖాస్తులో తల్లి పేరు చూశాను.”

“పరీక్ష పెట్టారు కదా. పద్నాలుగు తప్పులున్న కాగితం ఇచ్చారు.”

“పద్నాలుగూ పట్టుకున్నావు. అది నిజం. నీలాంటి కన్ను నేను మళ్ళీ చూళ్ళేదు, అదీ నిజం.” చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. “కానీ ఒక్కటి పట్టుకోకపోయినా తీసుకునేవాణ్ణే.”

నేను లేచి మెట్లు దిగాను. వెనకనించి ఆయన పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూడలేదు.

*

ఇంటికొచ్చేసరికి ఫిదేలా పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని తమాలెలు కడుతోంది. గురువారం సంతలో అమ్మడానికి బుధవారమే చేసి పెడుతుంది. మొక్కజొన్న పిండి ముద్ద అరిటాకులో పెట్టి, ఆలివ్ కాయ ఒకటి గుచ్చి, మడతపెట్టి దారం చుట్టడం. ఆ చేతులకి కళ్ళతో పని లేదు.

“పిన్నీ, ఆ తలుపు ఎవరు వేశారు?”

“ఏ తలుపు? మళ్ళీ ఇటుక ఎవరు తీశార్రా అని నా మీద పడకు, నేను తియ్యలా.”

“ఫ్యాక్టరీ తలుపు.”

దారం చుట్టే వేళ్ళు ఆగలేదు. ఒక తమాలె కట్టి పళ్ళెంలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది.

“లుహాన్ గాడు” అంది. “ఇంకెవడు?”

టమాటా ధర అడిగితే చెప్పినట్టు చెప్పింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

“నీకు తెలుసా?”

“తెలవకేం? నా కళ్ళముందేగా వేశాడు. ఉప్పు బస్తా తెమ్మంటే నేను బయటికొచ్చాను, నా వెనకాలే వేసేశాడు. పన్నెండింటికి ఆడాళ్ళందరూ పని ఆపి, సమ్మె చేసే జాలర్లతో కలుస్తారని ఎవడో వాడి చెవిలో ఊదాడు. ‘ఇప్పుడెట్టా పోతారో చూస్తా’ అన్నాడు. తర్వాత ఆ వాసనొచ్చింది. లోపల్నించి కొడుతున్నారు. నేను వాణ్ణి ఎతుక్కుంటా పరిగెత్తాను. క్యాంటీన్లో కూకుని చేపల పులుసు తింటన్నాడు. తాళంచెవి ఇవ్వరా నాయనా, సచ్చిపోతన్నారు అన్నాను. ‘నాటకాలు చాలు, తిననీ’ అన్నాడు.”

ఆకు మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

“మీ అమ్మ తలుపు పక్కనే ఉంది. తీసేసరికి” అని ఆపేసింది.

“నాకెందుకు చెప్పలేదు?” అరిచాననుకుంటాను. పక్కింటి కుక్క మొరిగింది. “నలభై ఏళ్ళు పిన్నీ! నలభై ఏళ్ళు నేను గాలిని తిట్టుకున్నాను!”

“చెప్పలేదంటావేంటే? మొదట జడ్జికే చెప్పాను. ఆయన పేపరు తీసి బల్ల మీద పెట్టాడు. ‘ఇందులో మూసుకుపోయింది అనుంది. నువ్వేమో మూశాడంటన్నావు. సదువుకున్నోళ్ళు రాసింది తప్పా, సదువు రానిదానివి, నువ్వు చెప్పేది తప్పా?’ అన్నాడు. మిగతా ఇద్దర్నీ అట్టాగే అన్నాడు. బయటికొచ్చాక నాకే అనుమానం పట్టుకుంది తల్లీ. కళ్ళారా చూశాను. అయినా అచ్చులో ఉంది గదా! నాకేమన్నా మతి పోయిందా అనుకున్నా.”

“నాకు చెప్పాల్సింది.”

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. తలెత్తి నావైపు చూసింది.

“నీకు తొమ్మిదేళ్ళు. అప్పుడప్పుడే గడగడా సదువుతున్నావు. ఆ డబ్బా తెరిచి ఆ కాయితం తీసి నాకు సదివి వినిపించింది నువ్వే. మర్చిపోయావా? ఒక్కో అచ్చరం మీద వేలు పెట్టి. ‘పిన్నీ, తలుపు మూసుకుపోయిందంట. ఎవరూ ఏం చెయ్యలేదంట’ అన్నావు. అని, ఆ రేత్రి మొదటిసారి నువ్వు ఏడవకుండా పడుకున్నావు. ఇంక నేనేం చెప్పను? నీకు తెలిసింది నాకు తెలవదు గదా, నువ్వు సదువుకున్నదానివి.”

నిజంగా నాకు గుర్తులేదు. ‘ఎవరూ ఏం చెయ్యలేదంట’ అని వార్తలో లేదు. అది నేను కలిపింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ వాక్యంలోంచి దాన్ని సరిగ్గానే చదివింది.

పిన్ని తన పక్కన పీట జరిపింది. కూర్చున్నాను. ఇద్దరం మాట్లాడుకోకుండా మిగతా తమాలెలు కట్టాం. నేను కట్టినవన్నీ ఉడికేటప్పుడు విడిపోయాయి.

*

మర్నాడు పని మొదలెట్టాను. పనే అనాలి, వేరే మాట నాకు తెలియదు. మాస్టారు మొదటిరోజు అడిగిన ప్రశ్న సరైనదే. దానికి జవాబు కావాలి. ఒక సాక్షి చాలదు, అందులోనూ సొంత పిన్ని. ముగ్గుర్లో ఒకావిడ పోయింది. ఇంకో ఆమె హెనోవేవా, పాత వంతెన దగ్గర మనవరాలింట్లో ఉందని పిన్ని చెప్పింది. నేనెవరో చెప్పకుండా, పిన్ని ఏం చెప్పిందో చెప్పకుండా, ఆ రోజు మీరేం చూశారని మాత్రమే అడిగాను. డెబ్భై ఆరేళ్ళ మనిషి. మేస్త్రీ పేరు చెప్పింది, తాళంచెవి చెప్పింది, క్యాంటీన్లో చేపల పులుసు కూడా చెప్పింది. లోపలున్న ఇరవై మందిలో బతికి బయటపడ్డ తొమ్మిది మందిలో ఆమె ఒకతె. తాళం వేయడం కిటికీలోంచి చూసిందట, తర్వాత ఆ కిటికీ పగలగొట్టుకుని దూకి క్యాంటీన్‌కే పరిగెత్తిందట. మోచేతి మచ్చ చూపించింది.

“ఇన్నాళ్ళకి ఎందుకడుగుతున్నావమ్మా?” అంది.

“సవరణ వెయ్యడానికండీ.”

“సవరణ అంటే?”

“తప్పు రాశామని ఒప్పుకోవడం.”

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

గ్రిసెల్దా మేడమ్ గాలీని రెండుసార్లు చదివింది. ఆవిడ మంచిదే, కాని జూన్ నెలలో డెబ్భై ఏళ్ళ పండగ పెట్టుకుంది, గవర్నరును కూడా పిలిచింది.

“నలభై ఏళ్ళ తర్వాత సవరణా? నవ్వుతారు ఎదెల్మీరా.”

“నవ్వనివ్వండి.”

“పండగ అయ్యాక వేద్దాం.”

“మాస్టారు కూడా మర్నాడు వేద్దామనే అనుకుని ఉంటారు మేడమ్.”

ఆవిడ గాలీని మళ్ళీ ఒకసారి చూసింది. ‘ఎవరు చెప్పారు?’ అన్నచోట గోరుతో మెల్లగా తట్టింది. “రెండో పేజీ కాదు, మొదటి పేజీలో. రాసుకురా” అంది.

శుక్రవారం మధ్యాహ్నం రాస్తుంటే మెట్లమీద కర్ర చప్పుడయింది. మాస్టారు. ఆరేళ్ళుగా ఆయన ఆఫీసు మెట్లెక్కలేదు. నెప్తాలీ లేచి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. నా వెనక నిలబడి తెరమీద చదివారు. నేను రాసింది ఇది: ‘1979 మార్చి 14 సంచికలో తలుపు మూసుకుపోయింది అని ప్రచురితమైంది. తలుపుకు షిఫ్టు మేస్త్రీ సెవెరో లుహాన్ బయటినుంచి తాళం వేశాడని ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు ధ్రువీకరించారు. విలేకరి రాసిన వాక్యాన్ని పత్రిక పొరపాటున మార్చింది.’

“పత్రిక మార్చిందా?” అన్నారు. “పత్రికకి చేతులున్నాయా? కర్త ఎవరు?”

‘పత్రిక’ అన్న మాట మీదికి కర్సరు జరిపాను.

“అదే పాఠం మీరు వేరేగా చెప్పారు మాస్టారూ” అన్నాను, వెనక్కి తిరక్కుండా.

“తప్పు చెప్పాను. నా పేరు పెట్టు. ఇంటిపేరుతో సహా. ఇంకోటి, పొరపాటున అన్న మాట కొట్టెయ్. పొరపాటు మొదటిరోజే. రెండోరోజు నించీ కాదు.”

ఆయన చెప్పినట్టే దిద్దాను. నేను ఆయన్ని క్షమించానని ఎవరైనా అనుకుంటే అది తప్పు. క్షమించలేదు. కాని ఆ రెండు దిద్దుబాట్లూ సరైనవి. సరైన దిద్దుబాటు ఎవరు చెప్పినా వేస్తాను. ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా తలెత్తలేదు.

శనివారం ఉదయం ఆ సవరణ పిన్నికి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. “మళ్ళీ సదువు” అంది. మళ్ళీ చదివాను. “లుహాన్ పేరున్న ముక్క ఇంకోసారి.” చదివాను. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, “జడ్జి బతికున్నాడంటావా?” అంది.

జడ్జి లేడు. లుహాన్ కూడా తొమ్మిదేళ్ళ క్రితం తన మంచం మీదే పోయాడు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడి ఇప్పుడు వలలు దాచే గోడౌనయింది. ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్తే కేసుకు గడువు తీరి చాలా ఏళ్ళయిందన్నారు. కొత్త పచ్చట్ట పుస్తకంలో నలభై ఒకటో నియమం తీసేశాం. కింది నియమాలన్నీ ఒక అంకె పైకి జరిగాయి. ఇప్పుడు నలభై ఒకటి వారాల పేర్లు చిన్న అక్షరంతో రాయాలని చెబుతుంది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు వారాల తర్వాత ఒక సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి వాకిట్లో జనం. పదిహేను ఇరవై మంది ఉంటారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. కొందరు ఆ పదకొండు మంది తాలూకు వాళ్ళు, పువ్వులు తెచ్చారు. మిగతావాళ్ళ చేతుల్లో పాత కాగితం ముక్కలున్నాయి. ప్లాస్టిక్ కవర్లలో, ప్రార్థన పుస్తకాల్లో దాచుకున్నవి.

మొదట నా డెస్కు దగ్గరికి వచ్చింది సన్నగా, నల్లశాలువా కప్పుకున్న ఒకామె. నా ఈడే ఉంటుంది.

“సవరణలు వేసేది మీరేనా అండీ?”

“నేనే.”

“మా ఆయన గురించి కూడా తప్పు రాశారండీ.” కవర్లోంచి కాగితం తీసి ఇచ్చింది. “రేవులో క్రేన్ కూలిపోయింది అని రాశారు. అది దానంతటది కూలలా. బ్రేకు పాడయిందని పొద్దున్నే చెప్పాడు మా ఆయన. అయినా ఎక్కమన్నారు. ఎక్కమన్నవాడి పేరు నాకు తెలుసు.”

తేదీ చూశాను. 1998 ఆగస్టు. మాస్టారు అప్పటికే రిటైరయ్యారు. ‘క్రేన్ కూలిపోవడంతో ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు.’ శుభ్రమైన వాక్యం. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. కామా ఉండాల్సిన చోట ఉంది. అది దిద్దేటప్పుడు బయట వర్షం పడుతోందని కూడా గుర్తొచ్చింది, మా ఊళ్ళో వర్షం అరుదు కాబట్టి. విలేకరి రాసిన మొదటి వాక్యంలో ఒక పేరు ఉండేది. ఆ పేరు ఎంత ప్రయత్నించినా గుర్తురావడం లేదు.

వాకిలి దాకా వరస. అందరి చేతుల్లోనూ కాగితాలు. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ డెస్కులో కూర్చున్నాను నేను.

“ఏంటండీ, అట్లా చూస్తున్నారు?” అంది ఆమె. “ఎవరు రాశారో చెప్పగలరా ఇది?”

“నేనే రాశానండి” అన్నాను. “ఈ వాక్యం నాది.”

ఆమె చేతిలో ఖాళీ కవరు నలిగిపోయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. ఆమె అలాగే నిలబడింది.

నేను పక్క డెస్కు దగ్గరి కుర్చీ తెచ్చి ఆమె ముందు వేశాను. కాగితం, పెన్సిల్ తీసుకున్నాను.

“కూర్చోండి” అన్నాను. “ఆ రోజు పొద్దున ఏం జరిగిందో మొదట్నించి చెప్పండి.”